పసుపునీళ్ళలో కడిగిన ముత్యాలు

నిన్న మనవరాలి పెళ్ళికని తెచ్చిన ముత్యాల పేటను పంటికి రాసి చూశాను. సన్నటి ఇసుక తగిలినట్టు గరగరమంది; గాజైతే నున్నగా జారేది. ఆ గరగరతో రంగమ్మత్త గుర్తుకొచ్చింది. ఆమెకు జరిగింది తలుచుకోగానే ఒళ్ళు మండిపోయింది.

ఫ్రెంచివాళ్ళు ఏలే రోజుల్లో పుదుచ్చేరిలో రంగమ్మత్తది మా పక్కిల్లు. ఆమె భర్త ముత్యాల వ్యాపారి. ఆయన తెచ్చిన సరుకును ఏరి జత కూర్చేది ఆమే. ఆయన పోయాక కూడా వీధిలో ఎవరు ముత్యాలు కొన్నా ఆమెనే పిలిచేవారు. కానీ పెళ్ళి ముత్యాలను వితంతువు తాకకూడదట! ఇంకెవరో పేటను ఎత్తి పట్టుకుంటే, ఆమె చేతులు కట్టుకుని దూరం నుంచి చూసి చెప్పాలి. కళ్ళు కావాలి, చేతులు పనికిరావు. ఎంత సిగ్గుమాలిన మర్యాద!

నా పెళ్ళికి పెదనాన్న ఒక వ్యాపారిని ఇంటికి పిలిపించాడు. చిప్పలో పూస పెట్టి పొర పట్టించే పెంపకం ముత్యాలు జపాను నుంచి కొత్తగా వస్తున్న కాలమది. అతను ఒక పేటను తళుక్కుమనిపించి గుప్పిట్లో దాచేస్తున్నాడు.

"కిటికీ కాడ పట్టుకో అయ్యా, రొంత తిప్పు" అంది అత్త.

"చూసినారు గదా, ఇంకేంది?" అన్నాడు. ఆమె ముట్టుకోదని అతనికి తెలుసు.

అత్త లేచి, అతని చేతిలోని పేట లాక్కుంది. "రంగమ్మా! శుభకార్యం!" అని పెదనాన్న అరిచాడు. ఆమె వినిపించుకోలేదు. పంటికి రాసి, వెలుగులో దొర్లించి నన్ను పిలిచింది.

"ఇట్ట రా పాపా. గాజు గాదులే. అయితే మంచి ముత్యంలో కిటికీ ఊచలు కనపడాల. దీంట్లో యాడ కనపడతాండాయి? తిప్పితే ఒకపక్క సున్నం మాదిరి తెల్లబోతాంది, పైపొర పల్చన. బెజ్జం కాడ చూడు, అప్పుడే పెచ్చు లేసింది. రెండేళ్ళకి నీ మెడలో లోపలి ఉత్త పూసలే మిగుల్తాయి."

"పెంపకం సరుకంటే అంతేనమ్మా" అన్నాడు వ్యాపారి.

"పెంచడం తప్పు గాదు. పొర పట్టకముందే చిప్ప కోసినారే, అది తప్పు."

అతని మూటలోంచి ఆమే ఇంకో పేట ఏరి నా చేతిలో పెట్టింది. ఊచలన్నీ అందులో కనిపించాయి. పెదనాన్న అదే కొన్నాడు. కొని, ఆమె ముట్టుకున్నందుకు పసుపునీళ్ళలో కడిగించాడు! "ముత్యానికి పసుపు పడదు, వద్దు" అని ఆమె మొత్తుకున్నా ఎవరూ వినలేదు. పెళ్ళినాడు ఆమెను పెరట్లో కూర్చోబెట్టారు. పసుపు మరకలు పట్టిన ముత్యాలతో నేను పీటల మీద కూర్చున్నాను. ఆ మరకలు ఇప్పటికీ పోలేదు.

నా భర్త పోయి చాలాకాలమైంది. నిన్న కోడలు పేటను దూరంగా ఎత్తి పట్టుకుని, "మీరు చూసి చెప్పండి చాలు, అత్తయ్యా" అంది.

"ఇట్ట తే" అని చెయ్యి చాపాను.