ఘాట్లో బండి ఆపకూడదు

కడప నుంచి రాయచోటికి పోయే ఘాటును ఎలా చూడాలని నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. మా కాలేజీకి బదిలీ మీద వచ్చిన వాళ్ళు, తొలి వానలు పడగానే స్టాఫ్ రూములో నా కుర్చీ పక్కకు చేరతారు. మీది ఆ పక్కే కదా మేడం, మీకు తెలిసే ఉంటుంది అంటారు.

తెలుసు. చెబుతాను కూడా. ఎక్స్‌ప్రెస్ ఎక్కొద్దు, పల్లెవెలుగు ఎక్కండి. కొండెక్కిందాకా కదలకుండా కూర్చొని, పైన కోవా అంగళ్ళ దగ్గర దిగి, అక్కడి నుంచి కిందికి నడవండి. ఎక్కుతూ నడిస్తే ముఖం బండరాళ్ళకు ఉంటుంది, దిగుతూ నడిస్తే మైదానానికి ఉంటుంది. వానలు మొదలైన పదిరోజులకు పోండి, అప్పటికి కొండ మీద గడ్డి లేస్తుంది, దుమ్ము అణిగి ఉంటుంది. పొద్దున ఎనిమిది లోపల అయితే లారీలు తక్కువ. పిట్టగోడ మీద కూర్చోవద్దు, పక్కన నిలబడి చూడండి. సెల్లు జేబులో పెట్టుకోండి.

వాళ్ళు మురిసిపోయి పోతారు. ఇంత వివరంగా చెప్పిన మనిషి నలభై ఎనిమిదేళ్ళు వచ్చిందాకా ఆ ఘాట్లో కాలు కింద పెట్టలేదని వాళ్ళకు చెప్పను. చెప్తే ఎందుకని అడుగుతారు. అడిగితే నాకు కోపం వస్తుంది, వచ్చింది సాయంత్రం దాకా దిగదు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఘాట్లో బండి ఆపకూడదు. నేను పుట్టకముందు మా జేజినాయన తమ్ముడు జీపులో పోతుంటే, మాతో పగ ఉన్న ఇంటివాళ్ళు ఒక మలుపులో రోడ్డుకు అడ్డంగా బండలు దొర్లించారు. ఆయన ఇంటికి రాలేదు. అప్పటి నుంచి మా ఇంటి బండి ఏదైనా సరే, కొండ మొదట్లో అద్దాలు ఎక్కించుకొని, కొండ పైకి చేరిందాకా ఒక్క క్షణం ఆగేది కాదు. పిల్లలకు వాంతి వచ్చినా ఆగేది కాదు. మా పిన్ని ఒకసారి ఒడిలో తువ్వాలు పరిచి నాకు పట్టింది.

ఇంతవరకు అయితే నేను అర్థం చేసుకునేదాన్ని. భయపడిన వాళ్ళను తప్పు పట్టే మనిషిని కాను. నా కోపం దీని మీద కాదు.

ఆడవాళ్ళు ఉన్న బండి మీద చెయ్యి వెయ్యరని ఆ రోజుల్లో ఒక మాట ఉండేది. రెండు వైపుల వాళ్ళూ దానికి కట్టుబడ్డారు. అందుకని మా నాయన కడపకు పోవాల్సి వచ్చిన ప్రతిసారీ అమ్మను బండి ఎక్కించేవాడు. కోర్టు పనికీ, విత్తనాలకూ, ఎవరినో పరామర్శించడానికీ అమ్మ ఉండాల్సిందే. ముందు సీట్లో, కిటికీ వైపు. ఘాటు మొదలవుతూనే అమ్మ అద్దం ఎక్కించి, గాజుల చెయ్యి దానికి ఆనించి పెట్టేది. బయటి నుంచి చూసేవాళ్ళకు ముందు ఆ చెయ్యి కనబడాలి. అమ్మ కనబడటమే పని. అమ్మ ఏం చూస్తోందో ఎవరికీ పట్టలేదు.

చిన్నప్పుడు నాకు ఇది తెలియదు. మా నాయనకు అమ్మ అంటే ఎంత ప్రేమో, ఎక్కడికి పోయినా వెంట తీసుకుపోతాడని మా క్లాసు పిల్లల దగ్గర గొప్పలు పోయాను. డిగ్రీ చదివేటప్పుడు మా పిన్ని అసలు సంగతి చెప్పింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. నాయన వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. ఆయన ముఖం చూసి ఏమీ అనలేకపోయాను. అనాల్సింది. ఇప్పుడు ఆయన లేడు.

అమ్మ మాత్రం ఏడాదికి ఒకసారైనా అడిగేది. "ఒక్కసారి ఆ మూడో మలుపులో దిగి చూస్తే బాగుంటాది. ఉరుకుతా చూసింది చూసినట్ల ఉండదు" అనేది. ఎవరూ పలికేవాళ్ళు కాదు. కూరలో ఉప్పు తక్కువైందంటే ఎంత పట్టించుకుంటారో, అంత కూడా పట్టించుకోలేదు.

తర్వాత రాజీ అయింది. పెద్దమనుషులు కూర్చొని మాట్లాడి, కేసులు తీసేసుకున్నారు. ఇప్పుడు ఆ ఇంటి కొడుకూ మా అన్నా కలిసి బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్నారు. మా అన్న కూతురి పెండ్లికి ఆయన కుటుంబంతో వచ్చి, మూడో వరుసలో కూర్చొని భోంచేసి, పాయసం బాగుందని మా వదినతో చెప్పి పోయాడు. మంచి మనిషే. ఇద్దరూ ఒకే కారులో బేతంచెర్లకు పోతారు. పగ ఇంత సుబ్బరంగా తీరిపోయింది గానీ, మా అమ్మ మాత్రం ఇంకా ఘాట్లో దిగకూడదు.

అమ్మ చూపు తగ్గుతోందని తెలిసింది మూడేళ్ళ కింద. నేను కర్నూలుకు తీసుకుపోయి కంటి డాక్టరుకు చూపించాను. రెండు కండ్లలోనూ నడిమి చూపు పోతోందనీ, అంచుల చూపు మాత్రం నిలుస్తుందనీ ఆయన చెప్పాడు. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనబడదు, పక్కన ఉన్న తలుపు కనబడుతుంది. ఎంత కాలం పడుతుందని అడిగాను. చెప్పలేం, చూడాల్సినవి ఉంటే ఇప్పుడే చూపించండి అన్నాడు.

ఆ మాట అన్నకు ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మను ఘాట్లో దించి చూపించమన్నాను. సరే అన్నాడు. ముందు కూతురి పెండ్లి కానిమ్మన్నాడు. పెండ్లయ్యాక ఎలక్షన్లు రానీ అన్నాడు. అవి అయ్యాక ఎండలు, ఈ ఎండల్లో అమ్మకు వడదెబ్బ తగుల్తుందన్నాడు. ఈలోపల అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరడం మానేసింది. మనవడి ముఖాన్ని చేతులతో తడిమి చూడటం మొదలుపెట్టింది.

కిందటేడు వానాకాలంలో కర్నూలులో అమ్మ కండ్లు చూపించి వస్తూ, కడపలో నన్ను కూడా ఎక్కించుకొని, అన్నే కారు నడుపుతున్నాడు. అమ్మ ముందు సీట్లో ఉంది. ఘాటు మొదలైంది. కొండ పచ్చగా ఉంది. సీతాఫలం చెట్లు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి.

"అన్నా, మూడో మలుపు దగ్గర ఆపు" అన్నాను.

"ఘాట్లో ఆపగూడదు పాపా. తెల్దా నీకు?"

"ఎవురొస్తారు? నీ పార్టనరా?"

అద్దంలో నా వైపు చూశాడు. "అట్ల కాదు లేమ్మా. నాయన పెట్టిన పద్ధతి. ఏంటికి ఊరికే మార్చేది? కోవా కావల్లంటే పైన ఆపుతాలే."

మూడో మలుపు వెనక్కి పోయింది. పైన జనం ఉన్న చోట, అంగడి ముందర, కారు ఆపాడు. కిటికీ అద్దం సగం దించి కోవా తెప్పించి అమ్మ చేతిలో పెట్టాడు. "తినుమా, వేడిగా ఉండాది" అన్నాడు ప్రేమగా. నిజంగానే ప్రేమ, అందుకే నాకు ఇంకా మండింది. అమ్మ దాన్ని తినలేదు. రాయచోటి దాకా ఒడిలో పెట్టుకొని కూర్చుంది.

ఆ తర్వాత వారం నేను ఒక్కదాన్నే పల్లెవెలుగు ఎక్కి పోయాను. పైన దిగి కిందికి నడిచాను. మొదటి రోజు, నలభై ఎనిమిదేళ్ళ లెక్చరర్ని, పట్టపగలు, బండరాయి కనబడితే దాని వెనక ఎవరైనా ఉన్నారా అని చూశాను. ఎవరూ లేరు. మేకలు ఉన్నాయి. మా ఇంట్లో మగవాళ్ళు ఈ భయాన్ని నాకు నగ లాగా పెట్టి పంపారని అర్థమై, అక్కడే రోడ్డు పక్కన నిలబడి గట్టిగా తిట్టాను. తిట్లు ఇక్కడ రాయను. అమ్మను ఎక్కడ నిలబెట్టవచ్చో, కారు ఎక్కడ రోడ్డుకు అడ్డం కాకుండా పెట్టవచ్చో, ఎక్కడ పిట్టగోడ ఆమె నడుము ఎత్తు ఉందో చూసుకోవడానికి నాలుగు సార్లు పోయాను. నేను స్టాఫ్ రూములో చెప్పే వివరాలన్నీ అలా వచ్చినవే.

ఈ ఏడు వానలు పడి కొండ మళ్ళీ పచ్చబడ్డాక, అన్న బేతంచెర్లకు పోయిన రోజు చూసి, పొద్దున్నే నా చిన్న కారులో రాయచోటికి పోయాను. అమ్మను తయారు కమ్మన్నాను. వదిన గడపలో నిలబడి, "మీ అన్నకు చెప్పల్లేమో" అంది.

"నువ్వు చెప్పాకు వదినా. నేనే చెప్తా."

ఆమె లోపలికి పోయి, నీళ్ళ బాటిలూ, అమ్మ గొడుగూ తెచ్చి వెనక సీట్లో పెట్టింది.

కోవా అంగళ్ళు దాటి కారు కిందికి దిగడం మొదలుపెట్టింది. ఎక్కడికి వచ్చామో అమ్మకు ఒళ్ళే చెప్పినట్టుంది. ఆమె చెయ్యి తనంతట తాను లేచి, మీట వెతుక్కొని, అద్దం ఎక్కించింది. తర్వాత అరచెయ్యి దానికి ఆనించింది. నాయన పోయినప్పటి నుంచి ఆ చేతికి గాజులు లేవు. ఉత్త చెయ్యి. నేను రోడ్డు మీదే చూపు పెట్టి నడిపాను.

మూడో మలుపు దగ్గర, ముందే చూసిపెట్టుకున్న వెడల్పు చోట, కారు ఆపాను. ఇంజను ఆపేశాను. అమ్మ కదల్లేదు.

"దిగుమా."

"దిగొచ్చునా?" అంది.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి, కడుపున పుట్టినదాన్ని అడిగింది. నేను దిగి, అటు పక్కకు పోయి తలుపు తెరిచి చెయ్యి ఇచ్చాను.

పిట్టగోడ దగ్గర నిలబెట్టాను. కింద రోడ్డు మెలికలు తిరుగుతూ దిగిపోతోంది. దాని అవతల ఎర్ర నేల, అక్కడక్కడ పచ్చటి మడులు, ఎండకు మెరిసే ఒక చెరువు. అమ్మ ఎదురుగా చూసింది. ముఖంలో ఏమీ లేదు. నడిమి చూపు పోయిన కండ్లకు ఎదురుగా ఉన్నదే కనబడదని నాకు తెలుసు. తెలిసీ తీసుకువచ్చినందుకు నన్ను నేను తిట్టుకోబోయాను.

అప్పుడు అమ్మ మెల్లగా ముఖం పక్కకు తిప్పింది. కొండ బండల వైపు. అలా తిప్పి, కంటి కొసతో మైదానాన్ని చూడటం మొదలుపెట్టింది. "ఆ, ఉండాది" అంది. "చెరువు గదా అది, తెల్లగా? రోడ్డు మీద ఏందో పాకుతాండాది, లారీనా?" లారీయే, బండల లోడుతో మెల్లగా ఎక్కుతోంది. అవునన్నాను. కొండకు ముఖం పెట్టి, లోయను చూస్తూ ఆమె చానాసేపు నిలబడింది. నడిమి చూపు ఉన్న రోజుల్లో వందల సార్లు ఈ దారిన తిప్పి, అది పోయాక ఈ కంటి కొస మిగిల్చారు.

ఫోన్ మోగింది. అన్న. వదిన ఎక్కడికని చెప్పలేదట, ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ లేదని మాత్రం తెలిసిందట. "యాడుండారు?" అన్నాడు.  ఫోన్ అమ్మ చెవి దగ్గర పెట్టాను.

"గాట్లో ఉండాం అబ్బీ. దిగినాం." అవతల అన్న ఏదో గబగబా చెబుతున్నాడు. అమ్మ విన్నది. "ఏమీ కాల్యా. ఏమీ కాదు గూడా. మీ నాయన ఒక్కతూరన్నా ఆపింటే బాగా చూసుంటి. నువ్వు పోయినేడు ఆపినా ఇంతకంటే చూసుంటి." అంతే అంది. గొంతు పెంచలేదు.  నేను ఫోన్ కట్ చేశాను.

పాకుతూ వచ్చిన లారీ మా పక్కకు చేరింది. డ్రైవరు తల బయట పెట్టాడు. పెద్దాయనే, మంచికే చెప్పాడు.

"ఈడ ఆపగూడదమ్మా. ఘాటు ఇది."

నేను నోరు తెరిచేలోపల అమ్మే జవాబిచ్చింది, ముఖం కొండ వైపు నుంచి తిప్పకుండా.

"తెలుసప్పా. యాభై ఏండ్లు ఆపల్యా. నువ్వు పో, నేనింగా చూడల్ల."