పసుపు మెడ ఈకలు

"విగ్రహానికి కోసిన కోడి ఈకలు పట్టుకున్న చేతులతోని ప్రభువు బల్ల దగ్గరికి ఎట్ల వస్తవు గ్లోరియా?"

ఆదివారం ఆరాధన ముగిసి జనం గుమ్మం బయట చెప్పులు వేసుకుంటున్నప్పుడు, అందరూ వినేట్టుగా ఈ మాట అడిగినవాడు సంఘ పెద్ద రాబిన్సన్. గ్లోరియా తన చెప్పులు వెతుక్కుంటూనే జవాబిచ్చింది.

"నడుచుకుంట వస్త అన్నా. నాకు బండి లేదు గద."

దుర్గాపూర్ గని కాలనీ వెనకాల బస్తీలో ఆమె ఉంటుంది. భర్త ప్రేమయ్య గని వర్క్‌షాపులో ఫిట్టర్. అతను పోయాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఈ రెండు గదుల్లోకి వచ్చింది. బతుకు గడుస్తున్నది మక్కీలు కట్టి.

మక్కీ అంటే గాలం ముల్లుకు ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు. కొండ నదుల్లో దీన్ని నీటి మీదికి విసిరి, చేపను మోసం చేసి, పట్టి, ఫొటో దిగి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేసే షోకీనులు ఉన్నారు. ఇంత కష్టపడి పట్టి వదిలేయడమేమిటని పక్కింటి రాజక్క ఇప్పటికీ కడుపు పట్టుకుని నవ్వుతుంది. గ్లోరియా నవ్వదు. వాళ్ళు చేపను వదిలేస్తారు గానీ మక్కీలు మాత్రం మళ్ళీ మళ్ళీ కొంటారు.

ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఈ షోకు ఉన్న ఒక ఇంజనీరు ప్రేమయ్య చేత ముల్లు బిగించే చిన్న వైస్ చేయించుకున్నాడు. బదిలీ మీద పోతూ దాన్నీ, ఒక పాత మక్కీనీ వీళ్ళింట్లోనే వదిలేశాడు. గ్లోరియా ఆ మక్కీని చుట్టు చుట్టుగా విప్పింది. విప్పినదాన్ని తిరిగి చుట్టింది. అచ్చం మొదటి పోలిక వచ్చేదాకా మానలేదు. ఇప్పుడు నాగ్‌పూర్ దుకాణదారు ముళ్ళు పంపుతాడు, కట్టినవి తీసుకుంటాడు. వచ్చిన ప్రతి ముల్లునూ ఆమె పరీక్ష చేస్తుంది. మొనను గోటి మీద ఆనించి లాగితే గుచ్చుకుని ఆగాలి, జారకూడదు. వైస్‌లో బిగించి కాస్త వంచి వదిలితే మళ్ళీ తన వంపుకు రావాలి. వంగినట్టే ఉండిపోయిందా, విరిగిందా, అది డబ్బాలోకి పోయి దుకాణదారుకు వాపసు వెళ్తుంది. నీటి మీద తేలే మక్కీకి సన్న తీగ ముల్లు, లోతుకు దిగేదానికి లావు తీగ ముల్లు. నెమలి ఈకలు గోండ్‌పిప్రి చేలల్లో రాలినవి. దుకాణదారు ఒకసారి అడవికోడి మెడ అడిగితే, "జైలుకు నువ్వొస్తవా, నేను పోవాల్నా?" అని ఫోన్ పెట్టేసింది.

ఇక మక్కీకి ప్రాణం లాంటివి పుంజు మెడ ఈకలు. గొడవంతా వీటి దగ్గరే.

బ్రాయిలర్ కోడి మెడ మక్కీకి పనికిరాదు, అది ముదరక ముందే కూరైపోతుంది. చికెన్ దుకాణంలో నాటుకోడి దొరికినా వేడి నీళ్ళలో ముంచి ఈకలు పీకుతారు, అవి ముడుచుకుపోతాయి. కావలసింది బాగా ముదిరిన పుంజు, ఈకలతో సహా పొడిగా తీసిన మెడ తోలు. బస్తీలో ఏ పుంజును అంతకాలం బతకనిస్తారు? పోచమ్మకు మొక్కిన పుంజునే. మొక్కు తీరేదాకా ఇంటికి ఎంత పెద్ద చుట్టం వచ్చినా దాని జోలికి పోరు. కోసే ముందు దాని మీద పసుపు నీళ్ళు పోసి, అది ఒళ్ళు జలదరించేదాకా చూస్తారు. జలదరిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత మంట మీద కాల్చకముందే రాజక్క మెడ తోలు కోసి, కాగితంలో చుట్టి గోడ మీది నుంచి అందిస్తుంది.

తెల్ల మెడకు పసుపు పడితే పట్టుకుంటుంది. గ్లోరియా నాలుగేళ్ళు దాన్ని సబ్బుతో కడిగి, తలుపు వేసుకుని ఆరబెట్టింది. సంఘానికి తెలుస్తుందన్న భయం. ఒక ముసురులో సగం కడిగీ కడగని మెడలతోనే కట్టి పంపితే దుకాణదారు ఫోన్ చేశాడు. ఆ పసుపువే ఇంకా పంపమన్నాడు. వాటికే చేపలు పడుతున్నాయట. ఆ రోజు నుంచి కడగడం మానేసింది, తలుపూ తీసే ఉంచింది. ఇంటి ప్రార్థనకు వచ్చిన రాబిన్సన్‌కు కిటికీకి వేలాడుతున్న మెడలు కనిపించాయి. ఆదివారం గుమ్మం బయట అతను అడిగింది వాటి గురించే.

రాబిన్సన్ చెడ్డవాడు కాదు. ప్రేమయ్య శవపెట్టెకు అందరికంటే ముందు భుజం ఇచ్చింది అతనే. కానీ విగ్రహానికి ఇచ్చింది ముట్టకూడదన్న నియమం పుట్టిందంటే, అది చూపడానికి ఒక మనిషి కావాలి, చిక్కింది గ్లోరియా. సంఘం కమిటీ కూర్చుంది. తప్పు ఒప్పుకుని ఈకలు మానెయ్యాలి, లేకపోతే రిజిస్టరులో పేరు తీసేస్తారు. పేరు లేకపోతే సమాధుల తోటలో చోటు లేదు. ప్రేమయ్య పక్కన ఆమె కోసం వదిలిన జాగా వేరే ఎవరికో పోతుంది.

"కోడి కూర గూడ తిన్నవా?" అని ఒకాయన మొదలుపెట్టాడు.

"రాజక్క పెట్టలే, నేను అడగలే. ఈకలు ఎవలన్న తింటరా తాతా?"

వెనక బెంచీలో నవ్వారు. రాబిన్సన్ గొంతు తగ్గించాడు.

"ఆ పసుపన్న కడుగు చెల్లే. కడిగితే ఎవలకు తెల్వదు. నేను గూడ అడగ."

"నాలుగేండ్లు కడిగిన. కడిగినన్ని దినాలు దొంగ లెక్క బతికిన. మల్ల గదే చేయమంటవా?"

"విగ్రహం సొమ్ము అది."

"విగ్రహంల ఏం లేదని వారం వారం నువ్వే చెప్తవు. ఏం లేనిదానికి గింత భయమేందన్నా?"

"పేరు తీసెయ్యక తప్పదు మరి."

గ్లోరియా లేచి నిలబడింది. సమాధుల తోటలోకి పందులు దూరుతున్నాయని రెండేళ్ళ కింద గోడ మొదలుపెట్టి, చందాలు చాలక సగంలో ఆపేసినప్పుడు మిగతా డబ్బు అప్పుగా ఇచ్చింది ఆమే. కమిటీలో ఆ సంగతి తెలియనివాడు లేడు.

"తీసెయ్. గోడ గూడ తీసెయ్. సగం ఇటుకలు గీ ఈకలయే. పైన సున్నం ఏసిండ్రు గాబట్టి పసుపు కనవడ్తలేదు."

అంతలో ఎవరో చాయ్ తెచ్చారు. తీర్మానం రాయకుండానే కమిటీ లేచింది.

తర్వాతి నెల ప్రభువు బల్ల రోజున, రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు, గ్లోరియా వరుసలో అందరికంటే ముందు నిలబడింది. చేతులు కడుక్కునే వచ్చింది. అయినా వేళ్ళ కొసలు పచ్చగానే ఉన్నాయి, ఆ పని చేసేవాళ్ళకు అది పోదు. రెండు అరచేతులూ చాచి పట్టుకుంది. రాబిన్సన్ వేళ్ళను చూశాడు, ఆమె ముఖం చూశాడు. వెనక వరుస ఆగిపోయింది. ఆమె చేతులు దించలేదు. అతను రొట్టె ముక్క ఆ అరచేతిలో పెట్టి పక్కవాళ్ళ వైపు జరిగాడు.

ఇప్పుడు కూడా కిటికీకి మెడలు వేలాడుతూనే ఉన్నాయి. రిజిస్టరులో పేరు ఉంది. ప్రేమయ్య పక్కన జాగా ఉంది. గోడకు ఆమె ఇచ్చిన ముప్పై వేలలో సంఘం పన్నెండు వేలు తీర్చింది. పద్దెనిమిది వేలు ఇంకా బాకీ.