నిమ్మకాయ దండల సినిమా

కూకట్‌పల్లిలో ఒక గ్రంథాలయం మేడ మీద ఆదివారాలు పిల్లలకు ఫోన్‌తో సినిమా తీయడం నేర్పడం మొదలుపెట్టాను. ఎవరి బస్తీ కథ వాళ్లే చెప్పాలన్నది నియమం. పెట్టిందీ నేనే, తప్పిందీ నేనే.

ఇంటర్ చదివే ఒక అమ్మాయి తన తల్లి మీద తీస్తానంది. ఆ తల్లి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు, బొగ్గుముక్క గుచ్చి దిష్టి దండలు చేస్తుంది. శనివారం పొద్దున్నే మాదాపూర్ వెళ్లి దుకాణాలకూ ఆఫీసులకూ పాతవి తీసి కొత్తవి కడుతుంది. అమ్మాయి బాగా తీసింది. మిరపకాయల ఘాటుకు మండే వేళ్లకు తల్లి కొబ్బరినూనె రాసుకోవడం, అద్దాల తలుపు దగ్గర సెక్యూరిటీ అతనితో పరాచికాలాడటం, అన్నీ ఉన్నాయి.

నాకవి చాలలేదు. మూఢనమ్మకాల మీద ఏళ్ల తరబడి వేదికలెక్కి వాదించినవాణ్ణి. ఒకరోజు వాళ్లింటికి వెళ్లి, కెమెరా వెనక నిలబడి అడిగాను: "నిజం చెప్పమ్మా, వీటితో దిష్టి పోతుందని నువ్వు నమ్ముతావా?"

ఆమె దారం ముడేస్తూ నవ్వింది. "ఏం దిష్టి సారూ! నిమ్మకాయకు గంత బలముంటే నా మోకాళ్ల నొప్పి ఎందుకు పోతలేదు?"

నాకు పండగైంది. నా ప్రశ్న తీసేయించి, ఆ జవాబుతో సినిమా ముగించమన్నాను.

అమ్మాయి నసిగింది. "ఆ మాట వద్దు సార్. అమ్మ నవ్వులాటకన్నది. గిరాకీలు చూస్తే పరేషాన్ అయితది."

"సత్యం చెప్పడానికి భయమెందుకు?" అన్నాను. ఎన్నో సభల్లో చప్పట్లు తెచ్చిన మాట. అమ్మాయి తలవంచుకుని నేను చెప్పినట్టే చేసింది.

ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తన హాల్లో ప్రదర్శన పెట్టించింది. చివరి మాటకు అందరూ గొల్లున నవ్వారు. ఎవరో ఆ ముక్కను ఫోన్లో పంచితే అది దుకాణాలకు చేరింది. "నువ్వే నమ్మనిది మాకెందుకు కడతావు?" అని ఒక్కొక్కరే ఆమెను రావద్దన్నారు. అలాగని దండలు మానలేదు. మరొకరితో కట్టించుకుంటున్నారు. ఒక్క మూఢనమ్మకమూ తగ్గలేదు, ఒక మనిషి పని మాత్రం పోయింది.

క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. ఆమె పీట జరిపింది.

"కూసో సారూ. సదువుకున్నోళ్లు మీరు, ఇంట్ల నవ్వుకున్న మాట బజార్ల పెడతరా?"

"తప్పయిందమ్మా."

"చేసేదాన్ని నన్నడిగినవు. కట్టించుకునేటోళ్లను అడగకపోతివి. సినిమా ఏసిన కంపెనీ తలుపుకు ఏలాడింది గూడ నా దండనే. ఆళ్లను అడగనీకి భయమైందా?"

హాలు ఇచ్చినందుకు వాళ్లకు వేదిక మీదే చేతులెత్తి నమస్కరించాను. ఆ దండ కిందుగానే లోపలికి వెళ్లాను, కిందుగానే బయటికి వచ్చాను. కంటబడలేదని బొంకడానికి నోరు రాలేదు.

"భయమే అయింది" అన్నాను.

ఆ తర్వాత పాఠాలు మానేశానని రాస్తే నాకు గౌరవంగా ఉండేది. మానలేదు. ఆ అమ్మాయి మానేసింది.