నేల చూడనిదే బండ పంపని పెద్దనాయన

పెద్దనాయన పోయాడన్న కబురు తాండూరు నుంచి పొద్దుటి బండికి వచ్చిన మనిషి తెచ్చాడు. వికారాబాదు స్టేషన్ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, గడప అవతలే నిలబడి, "అక్కా, పెద్దాయన లేడు" అన్నాడు. "లేడంటే ఎటు పోయిండు?" అని అడిగాను. నవ్వకండి. ఆయన ఎప్పుడూ ఎటో పోతూనే ఉండేవాడు. కుదురుగా కూర్చుని తినగా నేను చూడలేదు. జొన్నరొట్టె చేత పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేవాడు. "కూసుంటే కాళ్లు గుంజుతయే బిడ్డా" అనేవాడు.

ఆయన మా నాన్నకు అన్న. నిజాం రాజ్యం పోయిన మరుసటేడు చేనులో కొంత తవ్వించి నాపరాతి గని మొదలుపెట్టాడు. కందులు పండే చోట బండలేమిటని బంధువులంతా నవ్వారు. ఆయనకో పట్టింపు ఉండేది. ఎవరు బండలు అడిగినా ముందు వాళ్ల నేల చూడాలి. అక్కడ చెంబెడు నీళ్లు పోసి, అవి ఎటు పారుతున్నాయో, ఎక్కడ ఇంకుతున్నాయో చూశాకే బేరం ఒప్పుకునేవాడు. "నా బండ పడే జాగ నా కండ్లతోని చూడంది మాటియ్య" అనేవాడు. మర్పల్లిలో పశువుల కొట్టానికైనా అంతే. ఈ చాదస్తమంటే పెద్దమ్మకు ఒళ్లు మండేది.

కొన్నేళ్ల కిందట ఒక పెద్ద బేరం వచ్చింది. సముద్రం ఒడ్డున అణువిద్యుత్తు కేంద్రం కడుతున్నారట, అక్కడి సిబ్బంది ఇళ్లన్నిటికీ తాండూరు బండలే కావాలట. ఏళ్ల తరబడి గని ఆగకుండా నడుస్తుందని పనివాళ్లంతా పండగ చేసుకున్నారు. ఈయన మాత్రం చెంబు పట్టుకుని రైలెక్కాడు.

అంతకుముందు సముద్రం చూసి ఎరగడు. పొద్దున్నే ఒడ్డున నున్నటి మైదానం కనబడేసరికి ఇళ్లు కట్టే చోటు ఇదే కాబోలనుకుని మేకులు పాతి దారం కట్టాడు. మధ్యాహ్నానికి పోటు వచ్చి మేకులూ, దారమూ, చెంబూ అన్నీ కొట్టుకుపోయాయి. "గీ తెలివి తాండూరోళ్లకే ఉంటది బిడ్డా! సముద్రం ఇంటికి పోయి మల్ల వస్తదని నాకేం ఎర్క?" అని చెప్పి చెప్పి నవ్వాడు.

అప్పుడు ఆయన్ని చేయి పట్టి ఒడ్డుకు లాగిన జాలరామె, పక్కనే ఉన్న మడ అడవి చూపించిందట. అది సర్కారు కాపాడుతున్న అడవి. ఆ వేళ్ల మధ్యనే చేపలు గుడ్లు పెడతాయి. కేంద్రం నుంచి వచ్చే వేడినీళ్లు ఆ అడవిలోంచి పారే కాలువలోకే వదులుతారని తెలిసి జాలర్లు వద్దని అర్జీ పెడుతున్నారు. ఇంజనీరును అడిగితే, సముద్రం పెద్దది, ఏమీ కాదన్నాడట. ఈయన ఊరుకుంటేనా? ఆ అర్జీ మీద ఉర్దూలో సంతకం చేసి మరీ వచ్చాడు.

"గా అడవిల పుల్ల ఇరిస్తే జుర్మానా ఏస్తరట. కాలువల మసిలే నీళ్లు పోస్తే ఏం లేదట! గిదేం ఇన్సాఫ్?" అంటూ వాకిట్లో ఒకటే తిరుగుడు.

"గా చేపలు మన చుట్టాలా?" అని పెద్దమ్మ మీదికి లేచింది. "ఈడ పనోళ్ల పొయ్యిల పిల్లి లేవకుంటే నువ్వు జవాబు చెప్తవా?"

గని మేస్త్రీ అరవలేదు. "పటేలా, నువ్వు మంచోనివే. మా పిల్లలకు ఏం పెట్టాలె, గది చెప్పు" అన్నాడు. పెద్దనాయన చాలాసేపు అటూ ఇటూ తిరిగి, "నేల బాగలేదురా. నా బండ పోదు" అన్నాడు.

ఆ బేరం పక్క గనివాళ్లు పట్టుకున్నారు. మేస్త్రీతో సహా పనివాళ్లంతా అక్కడికే పోయారు. ఈయన గనిలో వాననీళ్లు నిలిచాయి. ఆయన్ని చూస్తే నాకు గర్వంగా ఉండేది, కోపమూ వచ్చేది. ఇప్పటికీ ఆ రెండూ తగ్గలేదు. వికారాబాదు వచ్చినప్పుడల్లా చెప్పులైనా విడవకుండా, "పేపర్ల ఏమన్న వచ్చిందా బిడ్డా? ఆపిండ్రా?" అని అడిగేవాడు. లేదంటే చాయ్ కూడా తాగకుండా తిరుగు బండికి పోయేవాడు.

నేను తాండూరు చేరేసరికి పాడె సిద్ధంగా ఉంది. ఎవరూ పిలవకుండానే మేస్త్రీ, పాత పనివాళ్లు వచ్చి భుజం పట్టారు. మా ఇళ్లలో ఆడవాళ్లం కూడా కొంత దూరం వెంట నడుస్తాం. రైలు పట్టాల దగ్గరికి వెళ్లేసరికి గేటు పడింది. దింపుడు కల్లం చేరకుండా పాడె దించకూడదు గనుక వాళ్లు మోస్తూనే నిలబడ్డారు. గూడ్సు బండి నింపాదిగా వచ్చింది. పైకప్పులేని డబ్బాల నిండా వరసగా పేర్చిన బండలు. అవి ఎక్కడికి పోతున్నాయో అడగక్కర్లేకుండానే అందరికీ తెలుసు.

మేస్త్రీ పాడె వైపు ముఖం తిప్పాడు. "పటేలా, గీ బండలు నిన్న నేనే ఎక్కిచ్చిన" అన్నాడు, బతికున్న మనిషికి చెప్పినట్టే. ఒకదాని వెనక ఒకటి డబ్బాలు పోతూనే ఉన్నాయి. చివరికి గేటు లేచింది. పాడె మోస్తున్న నలుగురిలో ఎవరి కాలూ ముందుకు పడలేదు.