వసుంధర, ఆమె స్కేట్‌బోర్డు, విరిగిన నా చెయ్యి

నిన్న పొద్దున వసుంధర తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయింది పద్మక్కా" అన్నాడు.

ఏ అక్క అని అడిగాను. నిజంగానే అడిగాను. బుర్ర పనిచెయ్యలేదు.

శనివారమే కదా నాకు ఒక స్కేట్‌బోర్డు ఫోటో పంపింది. వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఎవరో అమ్మాయి కొనబోయిందట. కింద ఒక లైను: "చక్రాల ఇరుసులు పలక కన్నా వెడల్పు. వద్దని చెప్పినా."

గుండెపోటు. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

వసూ గురించి తెలియనివాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

1999. మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. నాది భీమవరం, తనది నంద్యాల. ఒకే రోజు జాయినయ్యాం. కేపీహెచ్‌బీలో ఒక గది కిరాయికి తీసుకుని కలిసి ఉండేవాళ్ళం. నేను డెవలప్‌మెంట్, తను టెస్టింగ్.

హైటెక్ సిటీ అంటే అప్పటికి ఒక పెద్ద బిల్డింగు, చుట్టూ బండరాళ్ళు, కొత్తగా వేసిన రోడ్లు. ఆదివారం ఆ రోడ్ల మీద పురుగు కూడా ఉండేది కాదు.

ఆ రోడ్లు చూసి వసూ కోఠీలో ఒక స్కేట్‌బోర్డు కొంది. చిన్నపిల్లల సైజు. షాపతను ఎవరికమ్మా అంటే "నాకే" అని చెప్పిందట.

రెండో ఆదివారం నన్ను ఎక్కించింది. నా పాదం సగం గాల్లోనే ఉంది. పది గజాలు వెళ్ళానేమో, చిన్న కంకర రాయి అడ్డొచ్చింది. బోర్డు అక్కడే ఆగింది. నేను ఆగలేదు.

కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు.

నాది ప్రొబేషన్. నా మాడ్యూల్ నెలాఖరుకి అవ్వాలి. అవ్వకపోతే కన్ఫర్మేషన్ గురించి మాట ఇవ్వలేనని మేనేజర్ ముందే చెప్పేశాడు. ఇంట్లో నాన్న ఇంకా ఒక్క ఏడాది చూసి వెనక్కి వచ్చెయ్యమంటున్నారు. ఆ ఉద్యోగం పోతే ఇంక నాకు హైదరాబాద్ లేదు.

హాస్పిటల్ బెంచీ మీద వసూ ఏడవలేదు, సారీ కూడా చెప్పలేదు. "తప్పు నాదే. కానీ నువ్వెందుకు పడినావో నాకు తెలియాల" అంది.

ఆ సాయంత్రం గదిలో పేపర్ పరిచి బోర్డు మొత్తం విప్పేసింది. నేను మంచం మీద నుంచి చూస్తున్నా.

చక్రాలు గట్టి ప్లాస్టిక్, పైగా చిన్నవి. రాయి తగిలితే ఎక్కవు, ఆగిపోతాయి. ట్రక్కులు, అంటే చక్రాల్ని పలకకి కలిపే ఇరుసులు, అవీ ప్లాస్టిక్కే. బేరింగులు చేత్తో తిప్పినా తిరగట్లేదు. ఒక్కొక్కటే నాకు చూపించి పక్కన పెట్టింది.

మర్నాటి నుంచి ఇద్దరం మొదటి బస్సు ఎక్కేవాళ్ళం. ఆఫీసులో స్వీపర్లు తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు. నేను చెప్పేదాన్ని, తను టైప్ చేసేది. తొమ్మిదిన్నరకి లేచి తన సీటుకి వెళ్ళిపోయేది. మళ్ళీ రోజంతా తన పని.

మూడో వారంలో దొరికిపోయాం. నా లాగిన్‌లో ఇంకొకరు పనిచెయ్యడం రూల్స్‌కి విరుద్ధం. మేనేజర్ ఇద్దర్నీ లోపలికి పిలిచాడు. ఈ కోడ్ ఎవరిదని అడిగాడు. 

"బుర్ర పద్మది సార్. నావి వేళ్ళు మాత్రమే" అంది వసూ.

 ఆయన ప్రోగ్రామ్ ప్రింటౌట్ తెప్పించి, ప్రతి లైను ఎందుకుందో నన్ను చెప్పమన్నాడు. గంటన్నర చెప్పాను. వసూ గోడకి ఆనుకుని నిలబడే ఉంది. ఆఖర్న ఆయన, రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకుని కానివ్వండి అన్నాడు.

మాడ్యూల్ టైముకి అయ్యింది. నా కన్ఫర్మేషన్ లెటర్ వచ్చింది. తనకి మాత్రం రూల్ తప్పినందుకు ఒక మెమో ఇచ్చారు. ఆ సంగతి నాకు రెండేళ్ళ తర్వాత వేరేవాళ్ళు చెప్తే తెలిసింది.

ఈలోపు ఆదివారాలు తను ఊరంతా తిరిగింది. ఎర్రగడ్డ సంతలో పాతదే అయినా అసలైన బోర్డు ఒకటి దొరికింది. ఏడు పొరల చెక్క, లోహపు ట్రక్కులు. బేరింగులు రాణీగంజ్‌లో దొరికాయి, మోటార్లలో వాడే సైజే అది. మెత్తటి చక్రాలు ఎక్కడా దొరక్క బాలానగర్‌లో మెషీన్లకి రబ్బరు లాంటి రోలర్లు పోతపోసే వర్క్‌షాప్‌కి వెళ్ళి నాలుగు పోయించింది. వాళ్ళు ఏ మెషీన్‌కి అని అడిగితే "మనిషికి" అందట.

పిండికట్టు తీశాక ఆ బోర్డు నా ముందు పెట్టింది. చచ్చినా ఎక్కనన్నాను.

ఎక్కొద్దు, ఊరికే నిలబడమంది. గడ్డి మీద పెట్టి, కదలకుండా. పాదం పలక మీద సరిపోయిందా, మోకాళ్ళు వంచితే సుఖంగా ఉందా, అటూ ఇటూ ఒరిగితే ట్రక్కులు మాట వింటున్నాయా. ముందు అది చూసుకోవాలట, రంగూ బొమ్మా తర్వాతట. నాలుగు వారాలు గడ్డి మీదే నిలబెట్టింది. ఐదో వారం రోడ్డు మీదికి నేనే తీసుకెళ్ళాను.

ఈ మధ్య నిజాంపేటలో వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లల బోర్డులు బిగించి ఇస్తుండేది. తల్లిదండ్రులు ఏది మంచిదని అడిగితే, పిల్ల షూ పట్టుకుని రండి అనేది.

ఈ రోజు మధ్యాహ్నం అంతా అయిపోయింది. వాళ్ళ తమ్ముడే కొరివి పెట్టాడు.

ఇన్నేళ్ళలో ఆ మెమో గురించి ఒకే ఒక్కసారి ఎత్తాను. "దానికేముందిలే, అన్నం పెట్టు" అని మాట మార్చేసింది. థ్యాంక్స్ చెప్పబోతే ఎప్పుడూ ఇదే. చెప్పనిచ్చేది కాదు.

ఇప్పుడు ఆపడానికి నువ్వు లేవు కాబట్టి చెప్తున్నా.

థ్యాంక్స్ వసూ. వెళ్ళిరా. ఎక్కడున్నా హాయిగా ఉండు.