బాలమ్మ మాటల ముక్కలు

తడి సిమెంటు వాసన తగిలితే చాలు, నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ మేడమీది గదిలోకి వెళ్ళిపోతాను. చుట్టూ సగం లేచిన ఇళ్ళు, కిటికీలోంచి మెత్తగా జారే మధ్యాహ్నపు ఎండ, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు వైపు నుంచి గాలి మోసుకొచ్చే బత్తాయి వాసన. బల్ల వెనక మార్తమ్మ మేడం. నాకు మొదటి ఉద్యోగమిచ్చిన మనిషి.

ఎల్బీనగర్ దాటాక పొలాలు అమ్ముకున్న కుటుంబాల మాటలు రాసుకురావడం మా పని. మిగిలిన పొలాలను కూడా ప్లాట్లు చేయాలా అని ఆలోచిస్తున్న ఆఫీసుకు మా నివేదిక వెళ్ళాలి. రాసుకొచ్చిన కాగితాలను వాక్యాలుగా కత్తిరించి, విషయాన్నిబట్టి గుట్టలు పెట్టేదాన్ని. సంతోషం, బాధ, రోడ్డు, నీళ్ళు. సంతోషం గుట్టే అన్నిటికంటే పెద్దది, బాధ గుట్టలో పొలం మాటే లేదు. "పొలం పోయినందుకు ఎవరికీ బాధ లేదు" అని రాసేశాను. అప్పట్లో నా కళ్ళు నెత్తిమీద ఉండేవి.

మేడం నీళ్ళ గుట్టలోంచి ఒక ముక్క తీశారు. "'నీళ్లు తాగుతవా బిడ్డా.' గిదెవరి మాట?"

"బాలమ్మగారిది మేడం." బాలమ్మ అంటే, ఉన్న పొలమంతా అమ్మేసిన పెద్దావిడ.

"మరి నీళ్ల గుట్టల ఎందుకేసినవ్?"

"నీళ్ళ గురించే కదండీ అన్నారు!"

మేడం పొట్ట పట్టుకుని నవ్వారు. తరవాత బంక సీసా నా ముందుకు జరిపి, బాలమ్మ మాటలన్నీ ఆమె చెప్పిన వరుసలోనే అతికించమన్నారు. ముక్కల వెనక అంకెలు వేసి ఉండటం నా అదృష్టం. అతికించి చదివితే అసలు సంగతి బయటపడింది. పొలం గురించి అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు: "మంచిగనే ఉన్న. నీళ్లు తాగుతవా బిడ్డా." మొదటి సగాన్ని సంతోషంలో, రెండో సగాన్ని నీళ్ళలో వేశానన్నమాట. నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ ఆమె లేచి లోపలికి వెళ్ళింది. నేను శుభ్రంగా నాలుగు గ్లాసులు తాగి వచ్చాను. ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

"గుట్టలు ఒద్దంటలేను" అన్నారు మేడం. "ఎంతమంది ఏమన్నరో గుట్టల తెలుస్తది. ఎందుకన్నరో వరుసల తెలుస్తది. రెండూ పక్కపక్కన పెట్టి సూడాలె. ఇంకా అనుమానముంటే ఆ మనిషినే అడగాలె."

మర్నాడు పొద్దున ఇద్దరం వెళ్ళి, అతికించిన కాగితం బాలమ్మకు చదివి వినిపించాం. ఆమె కళ్ళు మూసుకుని, జోలపాట వింటున్నట్టు వింది.

"గిదంత నేనే అన్ననా?"

"మీరేనమ్మా."

ఈసారి ఆమె నీళ్ళకని లేవలేదు. "గట్లయితే గిది గూడ రాయి బిడ్డా. అమ్మినప్పటిసంది నేను గా పొలం దిక్కు పోలే."

నా వాక్యం కొట్టేసి, నివేదికలో అన్నిటికంటే ముందు ఆ మాట పెట్టాను. దానివల్ల ప్లాట్లు ఆగాయా అంటే, ఆగలేదు. మేడం ఇప్పుడు లేరు. ఆమె అంటే నాకెంత ఇష్టమో ఉన్నప్పుడు చెప్పుకోలేకపోయాను. కానీ ఎవరైనా "బాగానే ఉన్నాను" అంటే, ఈ రోజుకీ నేను కాగితం మడిచి లేచి రాను. ఇంకాసేపు కూర్చుంటాను.