ఖాసింబీ వేళ్లు

ఎర్రగుంట్ల సంతలో గాజులమ్మే ఖాసింబీ, చేతి కణుపులు ఒత్తి చూసి, కళ్లు మూసుకునే గాజులు తొడిగేది. ఒక్క గాజు పగిలినా పరువు పోయినట్టు మొహం ముడుచుకునేది. ఈ ఏడాది గాజులు తరచూ పగులుతున్నాయి. "ముసలిదానివైతివి, ఇంక సాలించు ఖాసింబీ," అని ఆడవాళ్లు నెత్తురు తుడుచుకుంటూ నవ్వారు. చూపు తగ్గిందనుకుని కూతురు నస్రీన్ కొత్త కళ్లద్దాలు చేయించింది. కళ్లు మూసుకుని తొడిగే మనిషికి అద్దాలేమిటని, మతి తప్పుతోందేమో పెద్దాసుపత్రిలో చూపిద్దామని ఒక్కరికీ తట్టలేదు.

రంజాన్ పండక్కి నస్రీన్ తనే చెయ్యి చాపింది. ఖాసింబీ ఆ చేతిని ఒత్తి ఒత్తి చూసింది కానీ ఏ గాజూ తీయలేదు. కొత్త అద్దాల్లోంచి కూతురి మొహం తేరిపార చూసి, "మెత్తని చెయ్యి. యా ఊరు పాపా మీది?" అంది.

"ఈ ఊరేమ్మా," అంది నస్రీన్, చెయ్యి వెనక్కి తీసుకోకుండా.